ఒక్క రెపోనా, నలభై రెపోలా?

ఒక చిన్న టూల్‌ని ప్యాకేజ్ చేయడం వేరు, ఒక ప్రోగ్రామింగ్ భాషని, దాని కంపైలర్‌తో, లైబ్రరీలతో సహా లైనక్స్ డిస్ట్రిబ్యూషన్‌లోకి తీసుకురావడం వేరు. ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఈ రెండో పని గురించే, అందులోనూ రిపోజిటరీలు ఎలా అమర్చుకోవాలనే దాని గురించే. అందుకే ఈ నెల పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నాను.

ముందు ఒక మాట తేల్చుకుందాం. రిపోజిటరీ అన్న మాటని మనం రెండు వస్తువులకి వాడేస్తున్నాం. ప్యాకేజీ తయారుచేయడానికి కావలసిన ఫైళ్లు, ప్యాచ్‌లు ఉండే గిట్ రిపోజిటరీ ఒకటి. తయారైన ప్యాకేజీలని యూజర్లు ఆప్ట్, డీఎన్‌ఎఫ్ లాంటి ఇన్‌స్టాల్ టూల్స్‌తో దించుకునే చోటు ఇంకొకటి. ఉత్తరాల్లో సగం గందరగోళం ఇక్కడే ఉంది. ఈ పేజీల్లో మొదటిదాన్ని రెపో అంటాను, రెండోదాన్ని ఆర్కైవ్ అంటాను.

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి ఒక కొత్త ఫంక్షనల్ భాషని డెబియన్‌లోకి తేవాలని మొదలుపెట్టాం. కంపైలర్, స్టాండర్డ్ లైబ్రరీ, ఆ భాష సొంత ప్యాకేజీ మేనేజర్, ఒక ఎడిటర్ ప్లగిన్, వీటికి తోడు జనం ఎక్కువగా వాడే లైబ్రరీలు 40 దాకా ఉన్నాయి. అన్నీ ఒకే రెపోలో పెడదామని నేనంటాను, ప్రతి ప్యాకేజీకీ విడి రెపో ఉండాల్సిందేనని మావాడు అంటాడు, మూడో అతను ఎటూ చెప్పడు. రెండు వారాలుగా పని కదలట్లేదు. మీరే తేల్చండి.

జవాబు: మీ ఇద్దరి వైపూ పెద్ద పెద్ద డిస్ట్రిబ్యూషన్ల ఉదాహరణలే ఉన్నాయి, అందుకే వాదన తెగట్లేదు. ఫెడోరా 2010లో సీవీఎస్ అనే పాత వెర్షన్ కంట్రోల్ టూల్ వదిలి గిట్‌కి వచ్చినప్పటి నుంచి ఒక్కో ప్యాకేజీకి ఒక్కో రెపో. ఆర్చ్ కూడా 2023 మేలో పాత సబ్‌వెర్షన్ వదిలిపెట్టి ప్రతి ప్యాకేజీనీ విడి గిట్ రెపోగా మార్చింది. అటువైపు చూస్తే జెంటూ 2015లో గిట్‌కి మారినప్పుడు మొత్తం ఈబిల్డ్‌లన్నీ (దాని ప్యాకేజింగ్ ఫైళ్లు) ఒకే రెపోలో పెట్టింది, నిక్స్, ఆల్పైన్, వాయిడ్ కూడా అదే దారి. కాబట్టి ఎవరు పెద్దో చూసి నిర్ణయించుకోవడం కుదరదు.

నాకు అసలు సంగతి అర్థమైంది డెబియన్ లోపలే చూసినప్పుడు. ఒకే డిస్ట్రిబ్యూషన్, అవే నియమాలు, అదే ఆర్కైవ్, కానీ పెర్ల్ టీమ్, పైథాన్ టీమ్ ప్రతి మాడ్యూల్‌కీ విడి రెపో పెట్టుకుంటాయి, హ్యాస్కెల్ టీమ్ మాత్రం వందల లైబ్రరీల డెబియన్ డైరెక్టరీలన్నిటినీ (ప్యాకేజింగ్ ఫైళ్లుండే ఫోల్డర్లని) ఒకే రెపోలో పెట్టుకుంది, రస్ట్ టీమ్ కూడా అంతే. అంటే ఇది డిస్ట్రిబ్యూషన్‌ని బట్టి కాదు, భాషని బట్టి తేలే విషయం.

హ్యాస్కెల్ సంగతి చూడండి. అక్కడ ఒక లైబ్రరీ కొత్త కంపైలర్‌తో బిల్డ్ అయితే దాని ఏబీఐ హ్యాష్ (బిల్డ్ అయిన లైబ్రరీ రూపాన్ని గుర్తించే కోడ్) మారిపోతుంది, ఆ హ్యాష్ డెబియన్ డిపెండెన్సీ పేరులోకే ఎక్కుతుంది, దాంతో కింద ఒకటి కదిలితే దానిమీద ఆధారపడ్డవన్నీ మళ్లీ బిల్డ్ కావాల్సిందే. ఉత్త రీబిల్డ్‌కి కమిట్ అక్కర్లేదనుకోండి, కానీ వెర్షన్లు కూడా గుంపుగానే కదులుతాయి, ఎందుకంటే ఫలానా వెర్షన్లు కలిసి పనిచేస్తాయి అని ముందే పరీక్షించిన స్టాకేజ్ అనే జాబితాని చూసుకుంటూ ఆ టీమ్ నడుస్తుంది. ఒక్క మార్పు కోసం రెండు వందల రెపోలు తెరిచి, రెండు వందల కమిట్లు చేసి, అన్నీ పుష్ అయ్యాయో లేదో లెక్కపెట్టుకునే కన్నా ఒకే కమిట్ మేలు కదా. రస్ట్‌లో కారణం ఇంకొకటి. అక్కడ డెబ్‌కార్గో అనే టూల్ ఒక్కో క్రేట్ (రస్ట్ లైబ్రరీ) వివరాల నుంచి ప్యాకేజింగ్ ఫైళ్లని తనే తయారుచేస్తుంది, మనిషి చేత్తో రాసేది నాలుగు లైన్ల సెట్టింగు, ఎప్పుడైనా ఒక ప్యాచ్. నాలుగు లైన్ల కోసం విడి రెపో పెడితే ఖాళీ గదులున్న ఇల్లు కట్టుకున్నట్టు ఉంటుంది.

పెర్ల్ మాడ్యూళ్లు అలా కావు. ఒక మాడ్యూల్ కొత్త వెర్షన్ వస్తే పక్కదానికి చాలాసార్లు తెలియను కూడా తెలియదు. ఒక్కోదానికి ఒక్కో చరిత్ర, ఒక్కో బగ్, ఒక్కోసారి ఒక్కో బాధ్యుడు. అక్కడ విడి రెపోలే హాయి.

కాబట్టి మీ ముగ్గురూ వాదన ఆపి ఒక పని చేయండి. మీ కంపైలర్ చివరి రెండు పెద్ద రిలీజులు తీసుకోండి. పాత దాని నుంచి కొత్త దానికి వెళ్లినప్పుడు ఆ 40 లైబ్రరీల్లో ఎన్నిటి వెర్షన్ మార్చాల్సి వచ్చిందో, ఎన్నిటికి ప్యాచ్ రాయాల్సి వచ్చిందో కాగితం మీద రాయండి. ముప్పై దాటితే లైబ్రరీలన్నీ ఒకే రెపోలో ఉండాలి. మూడో నాలుగో అయితే మీ స్నేహితుడు చెప్పిందే సరైనది. కలిసి మారేవి కలిసి ఉండాలి, నా దృష్టిలో దీన్ని మించిన కొలబద్ద లేదు. ఫంక్షనల్ భాష అంటున్నారు కాబట్టి ముప్పై దాటుతుందనే నా అంచనా.

కానీ కంపైలర్‌ని మాత్రం ఆ గుంపులో కలపొద్దు, లెక్క ఎలా వచ్చినా సరే. దాని సోర్స్ పెద్దది, ప్యాచ్‌లు ఎక్కువ, స్టేబుల్ రిలీజ్‌కి (ఇప్పటికే విడుదలై యూజర్ల దగ్గరున్న దానికి) సెక్యూరిటీ ఫిక్స్ పంపాల్సి వచ్చినప్పుడు దానికి విడిగా పాత బ్రాంచ్ కావాలి. స్టాండర్డ్ లైబ్రరీ కంపైలర్ టార్‌బాల్‌లోనే (సోర్స్ ఫైళ్లన్నీ కట్టిన మూటలోనే) వస్తుంటే దాన్ని విడదీసి వేరే సోర్స్ ప్యాకేజీ చేయకండి, ఒక సోర్స్ నుంచి ఎన్ని బైనరీ ప్యాకేజీలైనా తీయొచ్చు, డాక్యుమెంటేషన్ ఒకటి, రన్‌టైమ్ ఒకటి, ఇలా. ప్యాకేజీ మేనేజర్ తన సొంత క్యాలెండర్ ప్రకారం రిలీజ్ అవుతుంటే దానికి విడి రెపో ఇవ్వండి. ఎడిటర్ ప్లగిన్‌కీ అంతే, అది ఎడిటర్ వెర్షన్లతో కదులుతుంది కానీ మీ భాషతో కాదు. అంటే లైబ్రరీలన్నీ ఒకే రెపోలో ఉంటే మొత్తం నాలుగు రెపోలు.

ఒకే రెపోలో లైబ్రరీలు పెట్టినందుకు పడే భారం కూడా చెప్పాలి. ఒక అక్షరం మార్చి పుష్ చేస్తే సీఐ (ప్రతి పుష్‌కీ తనంతట తనే బిల్డ్, టెస్ట్ చేసే వ్యవస్థ) 40 ప్యాకేజీలనీ బిల్డ్ చేస్తూ కూర్చుంటుంది, అందుకని ఏ డైరెక్టరీలో మార్పు జరిగిందో చూసి దాన్నీ దానిమీద ఆధారపడ్డవాటినీ మాత్రమే బిల్డ్ చేసే చిన్న స్క్రిప్ట్ మొదటి వారంలోనే రాసుకోండి. ట్యాగ్‌లో ప్యాకేజీ పేరు తప్పకుండా ఉండాలి, లేకపోతే 1.2 అనే ట్యాగ్ ఎవరిదో మూడు నెలల తర్వాత మీకే తెలియదు. ఇక ఒకరు వచ్చి నేను ఈ ఒక్క లైబ్రరీ చూసుకుంటాను అంటే, పుష్ హక్కు మొత్తం రెపోకి ఇవ్వాల్సి వస్తుంది, ఇది నిజంగా ఇబ్బందే, మెర్జ్ రిక్వెస్ట్‌లతో నెట్టుకురావాలి.

విడి రెపోల భారం వేరే రకం. ఒకే మార్పు అన్నిటిలో చేయడానికి స్క్రిప్ట్ కావాలి, సీఐ ఫైల్ 40 చోట్ల కాపీ అయి నెమ్మదిగా ఒక్కోటి ఒక్కో రకంగా తయారవుతుంది. దానికి మందు ఉంది, సీఐ ఫైల్‌ని ఒక్కచోట పెట్టి మిగతావన్నీ దాన్నే పిలుచుకునేలా చేయాలి.

ఇంకా సందేహంగా ఉంటే ఒకే రెపోతో మొదలుపెట్టండి. రేపు ఏదైనా లైబ్రరీ పెరిగి పెద్దదైతే గిట్ ఫిల్టర్-రెపోతో ఆ డైరెక్టరీని దాని చరిత్రతో సహా బయటికి తీయడం ఒక పూట పని. 40 విడి రెపోలని తర్వాత ఒక్కటి చేయాలంటే ట్యాగ్‌లు ఒకదానితో ఒకటి గుద్దుకుంటాయి, బ్రాంచ్ పేర్లు గుద్దుకుంటాయి, ఆ టెన్షన్ మీకెందుకు.

ప్రశ్న: రెపోలో అప్‌స్ట్రీమ్ (అసలు ప్రాజెక్టు రాసేవాళ్ల) సోర్స్ మొత్తం పెట్టాలా, లేక డెబియన్ డైరెక్టరీ ఒక్కటి చాలా? ఒక్కో ట్యుటోరియల్ ఒక్కోలా చెబుతోంది.

జవాబు: మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. డెబియన్ డైరెక్టరీ మాత్రమే పెట్టి, బిల్డ్ వేళకి టార్‌బాల్‌ని దించి దాని పక్కన చేర్చడం ఒకటి. ఫెడోరాలో జరిగేది కూడా దాదాపు ఇదే, గిట్‌లో స్పెక్ ఫైల్ (బిల్డ్ సూచనలు), ప్యాచ్‌లు, టార్‌బాల్ చెక్‌సమ్ (ఫైల్ మారలేదని పోల్చుకునే సంఖ్య) మాత్రం ఉంటాయి, టార్‌బాల్ వేరే చోట ఉంటుంది. రెండోది, టార్‌బాల్‌ని విప్పి అప్‌స్ట్రీమ్ అనే బ్రాంచ్‌లోకి దిగుమతి చేసి, ప్యాకేజింగ్ బ్రాంచ్‌లోకి మెర్జ్ చేయడం, గిట్-బిల్డ్‌ప్యాకేజ్ ఈ పని చక్కగా చేస్తుంది. మూడోది, అప్‌స్ట్రీమ్ వాళ్ల గిట్ చరిత్రనే నేరుగా తెచ్చుకుని వాళ్ల ట్యాగ్ మీద మన పని పేర్చడం.

లైబ్రరీలకి మొదటి పద్ధతి చాలు. కంపైలర్‌కి మాత్రం మూడోదే ఎంచుకోమంటాను, దీనికి బలమైన కారణం ఉంది. కంపైలర్‌లో ఏదైనా ఆర్కిటెక్చర్ మీద టెస్ట్ ఫెయిల్ అయితే ఏ కమిట్ దగ్గర పాడైందో వెతకాలి. గిట్ బైసెక్ట్ చేయాలంటే అప్‌స్ట్రీమ్ చరిత్ర మీ రెపోలోనే ఉండాలి. అప్‌స్ట్రీమ్ వాళ్లు మెయిన్ బ్రాంచ్‌లో చేసిన ఫిక్స్‌ని మీ పాత వెర్షన్‌కి తెచ్చుకోవాలన్నా చెర్రీ-పిక్ ఒక్క కమాండ్‌తో అయిపోతుంది. టార్‌బాల్ దిగుమతుల్లో ఒక్కో రిలీజ్ ఒక్క కమిట్‌గా కనిపిస్తుంది, వేల మార్పులు అందులో కూరుకుపోయి ఉంటాయి.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ ఉదంతం ప్యాకేజింగ్ చేసే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ పట్టుబట్టి వెతకడం వల్ల అది దొరికింది. హానికరమైన కోడ్‌ని టెస్ట్ ఫైళ్ల రూపంలో గిట్‌లోనే దాచిపెట్టారు, కానీ బిల్డ్ సమయంలో దాన్ని బయటికి తీసి కలిపే స్క్రిప్ట్ లైన్లు రిలీజ్ టార్‌బాల్‌లో మాత్రమే ఉన్నాయి. గిట్ చూసినవాళ్లకి అవి కనిపించవు. డిస్ట్రిబ్యూషన్లు వాడిందేమో టార్‌బాల్. అందుకని మీరు టార్‌బాల్ వాడక తప్పకపోతే, ప్రతి కొత్త రిలీజ్‌కీ దాన్ని విప్పి అదే ట్యాగ్‌తో పోల్చి చూడండి. కాన్ఫిగర్ స్క్రిప్ట్ లాంటి తయారుచేసిన ఫైళ్లు తేడాగా వస్తాయి, అది సహజం. అవి కాకుండా ఒక్క ఫైల్ తేడా ఉన్నా అది ఎందుకుందో తెలిసేదాకా అప్‌లోడ్ చేయొద్దు. ఇంకా మంచిది, ఆ తయారుచేసిన ఫైళ్లని పారేసి బిల్డ్‌లోనే మళ్లీ తయారుచేయించడం.

అసలు టార్‌బాల్‌నే బిట్ తేడా లేకుండా తిరిగి పొందాలంటే ప్రిస్టైన్-టార్ అనే బ్రాంచ్ పెట్టుకునేవాళ్లున్నారు, చిన్న డెల్టా ఫైల్ దాచి దాని సాయంతో టార్‌బాల్‌ని గిట్ నుంచే పుట్టిస్తుంది. ఆర్కైవ్‌లో టార్‌బాల్ ఎలాగూ ఉంటుంది, కనుక కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇది తప్పనిసరి కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: మా భాషలో 4వ వెర్షన్ వచ్చింది, కానీ చాలా ప్రాజెక్టులు ఇంకా 3 మీదే ఉన్నాయి. రెండూ ఆర్కైవ్‌లో ఉండాలి. ఒకే రెపోలో రెండు బ్రాంచ్‌లా, రెండు రెపోలా?

జవాబు: ఇక్కడ రెపో కన్నా ముందు సోర్స్ ప్యాకేజీ పేరు తేల్చుకోవాలి. రెండు వెర్షన్లు ఒకే సమయంలో ఒకే డిస్ట్రిబ్యూషన్ రిలీజ్‌లో ఉండాలంటే వాటి పేర్లే వేరుగా ఉండాలి, వెర్షన్ నంబర్ పేరులో భాగం కావాలి. డెబియన్‌లో పైథాన్ 3.11, పైథాన్ 3.13 అనేవి విడి సోర్స్ ప్యాకేజీలు. గో కంపైలర్లు కూడా అంతే. అవి ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడకుండా లైబ్రరీ డైరెక్టరీ పేరులోనూ, ప్రోగ్రామ్ పేరులోనూ వెర్షన్ ఉంటుంది.

మరి యూజర్ ఉత్తగా పైథాన్3 అని ఇన్‌స్టాల్ చేస్తే ఏది రావాలి? దానికి డిఫాల్ట్స్ అనే చిన్న విడి సోర్స్ ప్యాకేజీ ఉంటుంది. పైథాన్3-డిఫాల్ట్స్, జీసీసీ-డిఫాల్ట్స్, గోలాంగ్-డిఫాల్ట్స్ అన్నీ ఈ కోవలోవే. అందులో కోడ్ దాదాపు ఏమీ ఉండదు, ప్రస్తుతం అసలైనది ఫలానా వెర్షన్ అని చూపించే డిపెండెన్సీ, కొన్ని లింకులు, అంతే. డెబియన్ 12లో పైథాన్3-డిఫాల్ట్స్ 3.11 వైపు చూపిస్తుంది, 13లో 3.13 వైపు. ఈ చిన్న ప్యాకేజీకి తప్పకుండా విడి రెపో ఇవ్వండి, ఎందుకంటే మీ భాష మొత్తం కొత్త వెర్షన్‌కి మారే రోజు మారేది ఆ ఒక్క రెపోలోని ఒక్క లైన్. ఆ లైన్ మార్చే ముందు లైబ్రరీలన్నీ కొత్త వెర్షన్‌తో బిల్డ్ అవుతున్నాయని చూసుకోవాలి, ఎక్స్‌పెరిమెంటల్ అనే పరీక్షల ఆర్కైవ్ ఉన్నది అందుకే.

ఇక కంపైలర్ రెపో సంగతి. డెబియన్ గో టీమ్ ఒకే కంపైలర్ రెపోలో ఒక్కో వెర్షన్‌కి ఒక్కో బ్రాంచ్ పెట్టుకుంటుంది. ఫెడోరాలో పైథాన్ వెర్షన్ ఒక్కోదానికి ఒక్కో రెపో. నేను బ్రాంచ్‌లకే ఓటేస్తాను, 3లో కనిపెట్టిన ప్యాకేజింగ్ తప్పు 4లో కూడా ఉంటుంది, ఒకే రెపో అయితే ఆ కమిట్‌ని అటు నుంచి ఇటు తేవడం సులువు. ఒక్క హెచ్చరిక, 3ని ఎప్పుడు తీసేస్తారో ఇప్పుడే రాసి పెట్టుకోండి. పైథాన్ 2.7కి అప్‌స్ట్రీమ్ మద్దతు 2020 జనవరి 1తో ఆగింది, అయినా డెబియన్ 11లో కూడా దాన్ని ఉంచాల్సి వచ్చింది, 12లో గానీ వదిలించుకోలేకపోయారు.

ప్రశ్న: మా కంపైలర్‌ని బిల్డ్ చేయాలంటే అదే కంపైలర్ కావాలి. మొదటి బైనరీని గిట్‌లో కమిట్ చేయొచ్చా? నాకైతే తప్పనిపిస్తోంది, కానీ వేరే దారి కనిపించట్లేదు.

జవాబు: మీకు అనిపించింది నిజమే, కమిట్ చేయొద్దు. గిట్‌లోకి ఎక్కిన బైనరీ చరిత్రలో శాశ్వతంగా ఉండిపోతుంది, ఆర్కిటెక్చర్‌కి ఒకటి చొప్పున, వెర్షన్‌కి ఒకసారి చొప్పున పేరుకుని రెపో క్లోన్ చేయడమే నరకమవుతుంది. పైగా దాంట్లో ఏముందో చదివే దారి ఎవరికీ ఉండదు.

ఈ సమస్య అందరికీ వచ్చిందే. గో కంపైలర్ 1.4 దాకా సీ భాషలో ఉండేది, 2015 ఆగస్టులో వచ్చిన 1.5 నుంచి గో భాషలోనే ఉంది. అందుకని చాలా ఏళ్లు 1.4ని అలాగే కాపాడుకుంటూ దానితో కొత్తవి బిల్డ్ చేశారు, 1.20 నుంచి మాత్రం కనీసం 1.17 ఉండాలన్నారు, 1.22కి 1.20 కావాలి. రస్ట్‌లో ఇంకా కఠినం, ఒక్కో వెర్షన్‌ని సరిగ్గా దాని ముందు వెర్షన్‌తో బిల్డ్ చేయాలి, ఆరు వారాలకో రిలీజ్ వస్తుంది కాబట్టి మధ్యలో రెండు మూడు వదిలేసి ఒకేసారి దూకుదామంటే కుదరదు, మెట్టు మెట్టూ ఎక్కాల్సిందే.

మీరు చేయాల్సింది ఇది. మొదటిసారి మాత్రం బైనరీని విడి టార్‌బాల్‌గా, చెక్‌సమ్‌తో, సోర్స్ ప్యాకేజీ పక్కన పెట్టండి. డెబియన్ సోర్స్ ప్యాకేజీల 3.0 (క్విల్ట్) ఫార్మాట్‌లో అసలు టార్‌బాల్‌తో పాటు అదనపు టార్‌బాల్‌లు జతచేసే వీలుంది. రూల్స్ (బిల్డ్ సూచనల) ఫైల్‌లో బూట్‌స్ట్రాప్ కోసం, అంటే ఈ మొదటి బిల్డ్ కోసం, ఒక బిల్డ్ ప్రొఫైల్ (బిల్డ్ తీరుని మార్చే స్విచ్) పెట్టండి, ఆ ప్రొఫైల్‌లో ఉన్నప్పుడే ఈ బైనరీ వాడాలి. ఫెడోరా స్పెక్ ఫైల్‌లో అయితే బీకాండ్ అనే స్విచ్‌తో అదే పని. ఒకసారి ప్యాకేజీ ఆర్కైవ్‌లోకి వెళ్లాక ఆ ప్రొఫైల్ ఆపేసి, ప్యాకేజీ తన పాత వెర్షన్ మీద తనే ఆధారపడేలా రాయండి, తర్వాతి సోర్స్‌లో ఆ అదనపు టార్‌బాల్ తీసేయండి. ప్రొఫైల్ మాత్రం తీయకండి, కొత్త ఆర్కిటెక్చర్ వచ్చినప్పుడు మళ్లీ అక్కరకొస్తుంది.

బైనరీని నమ్మకుండా మొదలుపెట్టే దారి ఉందేమో కూడా వెతకండి. రస్ట్ కోసం ఎంరస్ట్‌సీ అనే కంపైలర్ సీ ప్లస్ ప్లస్‌లో రాశారు, గీక్స్ డిస్ట్రిబ్యూషన్ దానితో మొదలుపెట్టి ఒక్కో వెర్షన్ ఎక్కుతూ ఇప్పటి రస్ట్ దాకా వస్తుంది. చాలా శ్రమ, కానీ చేసినవాళ్లని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. మీ భాష మొదట్లో వేరే భాషలో రాసి ఉంటే ఆ పాత కంపైలర్ ఇంకా బిల్డ్ అవుతుందో లేదో ఒక వారాంతం పెట్టి చూడండి.

ఇంకో సంగతి. లైబ్రరీల్లో కూడా ఇలాంటి చక్రాలుంటాయి, టెస్టింగ్ లైబ్రరీకి ఒక పార్సర్ కావాలి, ఆ పార్సర్ టెస్టులకి ఈ టెస్టింగ్ లైబ్రరీ కావాలి. అక్కడ నోచెక్ ప్రొఫైల్ సరిపోతుంది, టెస్టులు ఆపి ఒకసారి బిల్డ్ చేసి, రెండోసారి టెస్టులతో బిల్డ్ చేయాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది లైబ్రరీల రెపోలో ఒక ఫైల్‌లో రాసి పెట్టండి, మీరు లేని రోజు ఇంకొకరికి అది దిక్కవుతుంది.

ప్రశ్న: అప్‌స్ట్రీమ్ వాళ్లు గిట్ సబ్‌మాడ్యూళ్లు (ఒక రెపోలో ఇంకో రెపోని లింకుగా పెట్టడం) వాడతారు. మేమూ వాడొచ్చా?

జవాబు: ప్యాకేజింగ్ రెపోలో వద్దు. డిస్ట్రిబ్యూషన్ బిల్డ్ మెషీన్లకి బిల్డ్ సమయంలో నెట్ ఉండదు, గిట్ తయారుచేసే మామూలు టార్‌బాల్‌లో సబ్‌మాడ్యూల్ కోడ్ రాదు, ఖాళీ డైరెక్టరీ వస్తుంది. ఆ సబ్‌మాడ్యూల్ ఇప్పటికే ఆర్కైవ్‌లో ప్యాకేజీగా ఉంటే దాని మీద ఆధారపడండి. లేకపోతే ఇందాక చెప్పిన అదనపు టార్‌బాల్ పద్ధతిలో తెచ్చుకోండి.

ప్రశ్న: బ్రాంచ్‌లకి, ట్యాగ్‌లకి ఏం పేర్లు పెట్టాలి? మా రెపోలో మాస్టర్ ఒకటి, మెయిన్ ఒకటి, ఇంకొకరు పెట్టిన టెస్ట్2 ఒకటి ఉన్నాయి.

జవాబు: డెబియన్‌లో దీనికోసమే డెప్-14 అనే సూచన ఉంది, కొత్తగా ఆలోచించాల్సిన పనిలేదు. మీ పని జరిగే బ్రాంచ్ డెబియన్/లేటెస్ట్, వాళ్ల కోడ్ అప్‌స్ట్రీమ్/లేటెస్ట్, ట్యాగ్‌లు డెబియన్/ తర్వాత వెర్షన్, అప్‌స్ట్రీమ్/ తర్వాత వెర్షన్. స్టేబుల్‌కి పంపే ఫిక్స్‌లకి డెబియన్/ తర్వాత ఆ రిలీజ్ పేరు. మాస్టర్, మెయిన్ లాంటి పేర్లని అప్‌స్ట్రీమ్ వాళ్లకే వదిలేస్తే వాళ్ల చరిత్ర తెచ్చుకున్నప్పుడు గొడవ ఉండదు. ఫెడోరాలో అయితే మీరు ఎంచుకునేది ఏమీ లేదు, రాహైడ్, ఎఫ్ తర్వాత రిలీజ్ నంబర్, అలా వాళ్లే పెడతారు.

ట్యాగ్‌ల గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక లైబ్రరీని అప్‌లోడ్ చేసి, ట్యాగ్ పెట్టి, పుష్ చేశాక చేంజ్‌లాగ్‌లో అక్షరదోషం కనిపించింది. కమిట్ సరిదిద్ది, ట్యాగ్‌ని బలవంతంగా కొత్త కమిట్ మీదికి జరిపాను. ఆర్కైవ్‌లో ఉన్నది పాతది, ట్యాగ్ చూపించేది కొత్తది. ఎనిమిది నెలల తర్వాత ఒక సెక్యూరిటీ ఫిక్స్ కోసం ఆ ట్యాగ్ నుంచి బ్రాంచ్ తీసిన సహచరుడు, ఆర్కైవ్‌లోని సోర్స్‌తో తేడా ఎందుకొస్తోందో అర్థంకాక ఒక రాత్రంతా కూర్చున్నాడు. ఆ రాత్రి ఆయన చేయాల్సిన పని వేరే ఉంది. అప్పటి నుంచి నా రెపోలన్నిటిలో ట్యాగ్ మార్చడానికి ఎవరికీ హక్కు లేకుండా చేశాను, నాతో సహా. తప్పు దొరికితే వెర్షన్ నంబర్ ఒకటి పెంచి మళ్లీ అప్‌లోడ్ చేయడమే.

ఇదే చోట ప్యాచ్‌ల మాట కూడా. ప్రతి ప్యాచ్ పైన అది ఎందుకు, ఎక్కడి నుంచి వచ్చింది, అప్‌స్ట్రీమ్‌కి పంపారా లేదా అన్న మూడూ రాయండి, డెప్-3 అడిగేది ఇదే. పంపని ప్యాచ్ ప్రతి రిలీజ్‌కీ మీ మెడకే చుట్టుకుంటుంది.

ప్రశ్న: అధికారిక ఆర్కైవ్‌లోకి వెళ్లడానికి టైమ్ పట్టేలా ఉంది. ఈలోగా మేమే సొంత ఆర్కైవ్ నడుపుదామనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: నడపండి, మంచి పనే. డెబియన్‌లో కొత్త పేరుతో వచ్చే ప్రతి ప్యాకేజీ న్యూ అనే వరుసలో ఆగి మనుషుల పరిశీలన దాటి రావాలి, లైసెన్సులు ఒక్కో ఫైల్‌కీ చూస్తారు, 40 లైబ్రరీలంటే 40 సార్లు. ఆ ఎదురుచూపులో యూజర్లు ప్యాకేజీలు వాడి తప్పులు చెబితే మీకే లాభం. ఆర్కైవ్ తయారుచేయడానికి రెప్రెప్రో గానీ ఆప్ట్‌లీ గానీ చాలు, ఆర్‌పీఎం వైపు అయితే క్రియేట్‌రెపో.

సంతకం కీని సీఐ మెషీన్ మీద పెట్టి మరిచిపోవద్దు, ఎవరి దగ్గరుందో ముగ్గురికీ తెలియాలి. యూజర్లకి ఇచ్చే సూచనల్లో కీని సిస్టమ్ మొత్తానికి నమ్మకమైనదిగా చేర్చమని రాయకండి. కీరింగ్స్ డైరెక్టరీలో విడిగా పెట్టి, మీ ఆర్కైవ్ లైన్‌లో సైన్డ్-బై అని దాన్ని మాత్రమే చూపించమనండి. అలా చేస్తే మీ కీ పొరపాటున ఎవరి చేతిలో పడినా దాంతో డెబియన్ సొంత ఆర్కైవ్ పేరు మీద సంతకం చేయడం కుదరదు.

అన్నిటికన్నా ఎక్కువమంది మరిచిపోయేది వెర్షన్ నంబర్. మీ ఆర్కైవ్‌లో 1.4-1 అని పెట్టి, తర్వాత అధికారిక ఆర్కైవ్‌లోకి కూడా 1.4-1 వెళితే రెండిట్లో ఏది ఇన్‌స్టాల్ అయిందో యూజర్‌కి తెలియదు, బగ్ రిపోర్ట్ వస్తే మీకూ తెలియదు. మీది 1.4-1~0 అని పెట్టండి. ఆ టిల్డే గుర్తు ఉంటే డెబియన్ ప్యాకేజీ టూల్ డీపీకేజీ లెక్కలో అది 1.4-1 కన్నా చిన్నది, ఆర్‌పీఎం కూడా టిల్డేని అలాగే చూస్తుంది. అధికారిక ప్యాకేజీ వచ్చిన రోజు యూజర్ ఎప్పటిలాగే అప్‌గ్రేడ్ కొడితే చాలు, మీది తప్పుకుని దాని చోట అది కూర్చుంటుంది.